చెంచా, తుండుగుడ్డ, సులోచనక్క

ముందే చెప్పేస్తున్నాను: నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా ఓ కంట కనిపెట్టండి. తిరుత్తణిలో మా ఎదురింటివాళ్ళు పొద్దున్నే బట్టలారేసే గిలక లాగుతారు. అది కిర్రుమంటే ఊరంతా లేచి కూర్చుంటుంది. నా ఎడమ భుజం మాత్రం తిరువళ్ళూరు రైల్వేస్టేషను పక్కన, ఓ మేడమీద, ఫిజియోథెరపీ చేసే సులోచనక్క గదికి పరుగెడుతుంది. అక్కడ చేతులకు కసరత్తు చేయించడానికి తలుపుకి అలాంటి గిలకే వేలాడేది.

కొన్నేళ్ళ కిందట నా ఎడమ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పక్కకి లేవదు, వెనక్కి పోదు. ముందు ఊత్తుకోట దారిలో ఒక నాటువైద్యుడు కోడిగుడ్డు సొన పూసి, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు నన్ను కట్టేశాడు. తర్వాత మా వీధి జిమ్ మాస్టరు. ఇద్దరికీ ఒకటే చెప్పాను, ఆడికృత్తిక పండక్కి మా కొండమీది స్వామికి కావడి ఎత్తాలని. "కావడా? అట్లయితే బరువులెత్తు మామా, భుజం దానంతటదే దారికొస్తాది" అన్నాడు మాస్టరు. ఎత్తాను. నా కేకకు కడంబత్తూరులో రైలు ఆగిపోయింది. చెయ్యి ఇంకా బిగిసింది.

చివరికి మా ఆవిడ పద్మ నన్ను సులోచనక్క దగ్గరికి లాక్కుపోయింది. అక్కకీ కావడి కథే వినిపించాను, మాస్టరు బరువులతో సహా. ఆమె నా మోచేతిని మెల్లగా తిప్పుతూ, "కావడి ఏడాదికొకతూరి గదా తమ్ముడూ. దినామూ యాడ ఇబ్బంది?" అంది.

"ఏం లేదక్కా."

"చెంచాతో అన్నం తింటా ఉండాడక్కా" అని పద్మ అందుకుంది. "మా చెల్లెలి కొడుకు పెండ్లిలో గూడా, అరిటాకు ముందర కూసోని చెంచా అడిగినాడు. దొరగారు దిగినాడని అందురూ నవ్వినారు."

"నొప్పి ఎడమ చేతికి గదా? కుడిచేతికేమొచ్చె?" అని అక్క అడిగింది.

ఫ్యాను కూడా తిరగడం మానేసి చెవొగ్గింది. అప్పుడు తలెత్తి ధైర్యంగా చెప్పేశాను: ఎడమ చెయ్యి వెనక్కి పోవడం లేదు, దొడ్డికి వెళితే దాని పనీ కుడిచెయ్యే చేస్తోంది, ఆ చేత్తో కలిపిన ముద్ద గొంతు దిగడం లేదు.

అక్క నవ్వలేదు. "దీనికా ఇంత సిగ్గు! కావడి మొయ్యాలంటే ఆ మాస్టరే సరి, నేనెందుకు? బిగిసిన భుజానికైతే నేనుండా. నీకేం కావాల్నో నువ్వే దాస్తే, ఎవురి కాడికి పోవాల్నో నీకెట్ల తెలుస్తాది?"

తుండుగుడ్డ వీపు మీదుగా వేయించి, కుడిచేత్తో పైనుంచి లాగిస్తూ, కిందున్న ఎడమచేతిని అంగుళం అంగుళం కదిలించింది. "ఏడిస్తే ఏడువు, గుడ్డ మాత్రం ఇడిసిపెట్టొద్దు" అనేది. నెలలు పట్టింది. చెయ్యి వెనక్కి చేరిన రోజు పద్మ సాంబారన్నం పెడితే వేళ్ళతో కలుపుకున్నాను. చెంచా అటకెక్కింది.

పోయినేడు అక్క చనిపోయింది. పలకరించడానికి వెళితే, "మా అమ్మ మీకేం బాగు చేసినాదన్నా?" అని ఆమె కొడుకు అడిగాడు. నా నోట మళ్ళీ కావడే వచ్చింది. అమ్మ చేతి చలువతో నేను కొండెక్కానని అతను మురిసిపోయాడు. ఆ మురిపెం చూశాక అక్క ఫొటో వైపు తల తిప్పలేకపోయాను.

ఇప్పుడెవరైనా ఒళ్ళునొప్పులకు ఎవరి దగ్గరికి వెళ్ళాలని అడిగితే, ముందు అక్క ప్రశ్నే అడుగుతాను: దినామూ యాడ ఇబ్బంది? కావడెత్తి కొండెక్కాలని చెబితే, ఇంకోసారి అడుగుతాను.

రైలు ఆగలేదని మీరు ఈపాటికే పసిగట్టి ఉంటారు. నేను కల్పించింది మరొకటుంది. ఆ రోజు అక్క గదిలో తలెత్తి చెప్పింది నేను కాదు. నేను గోడమీది ఎముకల బొమ్మలో పక్కటెముకలు లెక్కపెడుతున్నాను. చెప్పింది పద్మ. నేనెన్నడూ చెప్పని సంగతి ఆమెకెలా తెలిసిందో, ఇప్పటికీ అడగలేదు.