సరళ కట్టిన వలయం కోసం వెల్లూరు, గుడియాత్తం

సరళ పోయి ఎనిమిది నెలలు. వెల్లూరులోని ఒక ప్రయోగశాలలో నా భార్య ఆరేళ్ళు పని చేసింది. భాస్వరం పరమాణువులను గొలుసులుగా, వలయాలుగా కట్టి వాటికి ధనావేశం ఇవ్వడం ఆమె పని. అవి గాలి తగిలితే నిలవవు. ఆసుపత్రిలో చేరే ముందురోజు, ఐదు పరమాణువుల వలయం స్ఫటికాలుగా వచ్చిందని, ఆ గొట్టం మీద తెలుగులో రాసి పెట్టానని చెప్పింది. ఎక్స్‌రే తీస్తే తప్ప అది నిజమని ఎవరూ ఒప్పుకోరు. ఆ యంత్రం ఇప్పటికి ఖాళీ అయిందని ఆమెతో పని చేసిన రేవతి ఫోన్ చేసింది. ఆ స్ఫటికాలను నా కళ్ళతో చూడాలని బయల్దేరాను.

చిత్తూరులో ఆరున్నరకు బస్సెక్కితే ఎనిమిదికి వెల్లూరు చేరాను. అక్కడి నుంచి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. రేవతి నన్ను ఒక గాజు పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. అందులో గాలికి బదులు నైట్రోజన్ ఉంటుంది. బయటి నుంచి రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి పని చేస్తారు. లోపల చిన్న గాజు గొట్టాలు, అన్నిటి మీదా నంబర్లు. తెలుగులో రాసిన గొట్టం ఏదని అడిగాను. రేవతి గోడ వైపు చూసింది. మురుగన్ పటం ముందు, అరలో, కుంకుమ బొట్టుతో ఉంది ఆ గొట్టం.

“పెట్టె రిపేరుకు పోయినప్పుడు నంబర్లున్నవన్నీ వేరే పెట్టెలోకి మార్చినాను సార్. దీనికి నంబరు లేదు. అక్క సామి పేరు రాసుకున్నాదేమో అనుకున్నా. ఆయమ్మ చేతి రాత గదా, పారెయ్యలేక ఆడ పెట్టినా.”

“నీకు తెలుగు చదవడం రాదా అమ్మా?”

“మాట వస్తాది. ఎళుత్తు రాదు సార్. మా ఇంట్లో ఎవురికీ రాదు. ఏమని ఉండాది?”

“గాలి తగలనివ్వొద్దు” అని చదివాను. రబ్బరు మూత ఇన్ని నెలలు గాలిని ఆపలేదు. స్ఫటికాల చోట తెల్లటి జిగురు మిగిలింది. తెలుగులోనే రాసిన అక్క నోటుబుక్కు కూడా ఒకటి గుడియాత్తంలో తన ఇంట్లో ఉందని రేవతి చెప్పింది. ఎవరైనా చదివి చెబితే మళ్ళీ చేయవచ్చని తీసుకెళ్ళిందట.

కొత్త బస్టాండులో పదకొండుకు గుడియాత్తం బస్సు. గంటంబావు ప్రయాణం. మేము మెట్ల దగ్గరే ఆగితే కండక్టరు, “లోపలికి పోండప్పా, ఈడ నిలబడితే టికెట్టు తగ్గదు!” అని కసిరాడు. పళ్ళికొండ దాటేదాకా నేను రేవతితో మాట్లాడలేదు. ఆమె ఏడుస్తున్నట్టు తెలుసు.

రేవతి తల్లి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అన్నం, పులుసు వడ్డిస్తూ అంది: “మీ ఇంటామె చేసేదీ భాస్వరమే గదా నాయనా? అగ్గిపెట్టె పక్కన ముప్పై ఏండ్లుగా మేము పూసేదీ అదే. మాకు ఒక్క చదువు పట్టా ఇయ్యలేదే!”

“అమ్మా, నువ్వు సుమ్మా ఉండు,” అంది రేవతి.

సరళ ఉంటే నవ్వేది.

భోజనాలయ్యాక నేను పైకి చదివాను, రేవతి తమిళ అక్షరాల్లో రాసుకుంది. ఎన్ని గ్రాములు, ఎంత చలిలో, ఎన్ని గంటలు. పద్దెనిమిది సార్లు చేసింది, పద్దెనిమిది సార్లూ విరిగింది. ప్రతి పేజీ చివర “కట్టలేదు” అని ఉంది. చివరి పేజీలో నాలుగే వాక్యాలు: “ద్రావణి ఎంత పోశానో చూసుకోలేదు. చేతులు వణుకుతున్నాయి. ఈసారి కట్టినట్టుంది. వివరంగా రేపు రాస్తాను.”

రేవతి కలం ఆపి, “అంతేనా సార్?” అంది. అంతే అన్నాను.

“మళ్ళా చేస్తాను.”

“చెయ్యమ్మా,” అన్నాను. నమ్మి అనలేదు.

నోటుబుక్కు ఆమెకే ఇచ్చి నాలుగింటికి తిరుగు బస్సెక్కాను. గుడియాత్తం వచ్చేటప్పుడు తప్పంతా రేవతిదే అనుకున్నాను. కానీ ఆరేళ్ళు రాత్రి అన్నం దగ్గర సరళ ఈ వలయాల గురించి చెబుతుంటే, ఎంత పోశావని నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆమె చేసినది ఉన్నదని చూపడానికి ఇప్పుడు ఏదీ లేదు. నా మాట ఉంది. దాన్ని ఏ పత్రికా అచ్చు వేయదు.

ఇలాంటి చోట మీవాళ్ళెవరైనా పని చేస్తుంటే ఒక్క సూచన. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపి, పుస్తకంలో సంతకం పెడితే ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారు. ఐదు నిమిషాల పని. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.