ఊడిరాని నమస్కారం

మర్యాద ఎక్కువై పెళ్లి చెడగొట్టుకోబోయినవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ ఘనుణ్ని నేనే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. నాకు బి.ఏ. వచ్చిన కొత్త. రెండింట్లో ఏది గొప్పదని అడిగితే కాస్త ఆలోచించి గాని జవాబు చెప్పని రోజులు.

కొత్తపేట దగ్గర మా మామయ్యగారికి తోట ఉండేది. ఉగాది వెళ్లగానే ఊరివాళ్లందరినీ పిలిచి అక్కడే తోట పండగ చేసేవారు. తొలి మామిడికాయలతో పప్పు, కొబ్బరి పచ్చడి, బూరెలు, అన్నిటికీ మించి లేత పనసకాయతో ఆవపెట్టిన పొట్టుకూర. ఆ వేళ ఆడవాళ్లకు సెలవు, వంటంతా మగవాళ్లదే. కాబోయే అల్లుడు పనసపొట్టు కొట్టి చూపించాలన్నది వాళ్ల తాతల నాటి ఆచారం. మామయ్యగారి కూతురు సుభద్ర అంటే నాకు ప్రాణం. మా అమ్మ ఒప్పుకుంది, అత్తయ్య ఒప్పుకుంది. ఇక మిగిలింది మామయ్యగారూ, ఆ పనసకాయా.

"చదువుకొచ్చేవు సరే, పొట్టు కొట్టగలవా అబ్బాయ్?" అన్నారాయన.

"అదెంత పనండి మామయ్యగారూ" అన్నాను. అప్పటిదాకా పొట్టు తినడమే గాని కొట్టడం ఎరుగను. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందంటారే, ఆవిడ నాకంటే నయం. ఉట్టి దగ్గర ఒకసారి ప్రయత్నమైనా చేసింది.

సుభద్ర నూనెగిన్నె తెచ్చి పక్కన పెట్టింది. "చేతులకీ కత్తికీ రాసుకో బావా. పాలు కారతాయి."

"నూనె రాస్తే కత్తి జారుతుంది. ఇందులో శాస్త్రం ఉంది, నీకు తెలీదులే."

"ఆయ్, నాకేం తెలుసు" అని గిన్నె తీసుకుని చక్కా పోయింది.

తొక్క తీసేసరికే తెల్లటి జిగురు మోచేతులదాకా పాకింది. కత్తి చేతికి అతుక్కుంది, చెయ్యి కాయకు అతుక్కుంది. మీసం మీద ఈగ వాలితే తోలబోయాను. ఈగ ఎగిరిపోయింది గాని, మీసంలో కొంత నా వేళ్లతోపాటు వచ్చేసింది. ఎలాగో కత్తి వదిలించుకుని కాలవలో చేతులు కడిగాను. నీళ్లు తగిలితే పనసజిగురు మరింత బిగుస్తుందని బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే మామయ్యగారు వాళ్ల పెదనాన్నగారిని వెంటబెట్టుకొచ్చారు. పెద్దవాళ్లు కనిపిస్తే మా చేతులు వాటంతటవే లేస్తాయి, కోనసీమ పెంపకం అలాంటిది. నమస్కారం పెట్టాను. పెట్టిన నమస్కారం పెట్టినట్టే ఉండిపోయింది. గుంజాను, మెలితిప్పాను, లోపల్లోపల బతిమాలాను. అరచేతులు రెండూ అన్నదమ్ముల్లా కలిసిపోయాయి.

"ఎంత వినయం అండి" అన్నారు పెదనాన్నగారు. "చదువుకున్న కుర్రాళ్లు చెయ్యెత్తడమే గగనం. ఈ అబ్బాయి దించడమే లేదు."

వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించారు. అందరూ దీవించేరు. మామయ్యగారి కళ్లు చెమర్చాయి. పొట్టు సంగతే మరిచిపోయి, "సుభద్రని వీడికే ఇస్తున్నానండి" అని పదిమంది ముందు చెప్పి, ఆకూ వక్కా అరటిపళ్లూ ఉన్న పళ్లెం నా ముందుకు చాపారు.

"పుచ్చుకోరా."

పుచ్చుకోవడానికి చేతులేవీ? మరింత వంగి నమస్కరించాను.

"ఏరా, తాంబూలం వద్దని దణ్ణం పెడుతున్నావా? మా పిల్ల నచ్చలేదా?" ఆయన గొంతు మారిపోయింది.

ఇచ్చిన తాంబూలం అందుకోకపోతే సంబంధం తిప్పికొట్టినట్టే. సుభద్ర దక్కకుండా పోతుందని నిజం కక్కేశాను.

"నచ్చక కాదండి. చేతులు ఊడి రావట్లేదండి."

పండగకొచ్చినవాళ్లు విరగబడి నవ్వారు. ఊరు నవ్వినందుకు కాదు, సుభద్ర నవ్వినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నూనెగిన్నెతో వచ్చి నా ఎదుట నిలబడింది. నూనె మాత్రం పొయ్యలేదు.

"పెళ్లయ్యాక నా మాట వింటావా బావా?"

"వింటాను."

"అందరికీ వినబడాలి."

"వింటానండి" అన్నాను.

"చేతులు జోడించి మరీ చెబుతున్నాడు, ఇంక పొయ్యవే" అన్నారు మామయ్యగారు.

కనుక పాఠకులారా, ప్రమాణం చేసి చెబుతున్నాను. మా ఆవిడ నూనె రాసుకోమంటే, దోసకాయ తరగడానికైనా సరే, మోచేతులదాకా రాసుకుంటాను. శాస్త్రం ఊసు మాత్రం ఈ జన్మలో ఎత్తను.