దర్శిలో గదిలోకొచ్చిన గ్రహణం

1999 ఆగస్టు సూర్యగ్రహణం సంపూర్ణంగా కనిపించే ఊళ్ళు మాకు చాలా ఉత్తరాన ఉన్నాయి. నాకు దొరికింది ఒక్క రోజు సెలవే. మబ్బు తక్కువుండే చోట పాక్షికమైనా చాలనుకున్నాను. నాతో పనిచేసే శీనుది దర్శి. పడమటి దిక్కు అడ్డంలేని డాబా ఉందన్నాడు.

ఉదయం ఎనిమిదికి గుంటూరులో బస్సెక్కాం. సంచిలో కెమెరా, స్టాండు, ఒక రీలు, వెల్డింగు అద్దం, నల్లగుడ్డ. చిలకలూరిపేటలో పురుగుమందు డబ్బాతో ఎక్కిన రైతు నా పక్కన కూర్చున్నాడు.

"గ్రహణం రోజు మందు కొట్టకూడదంటున్నారు. ఆ మాట పురుక్కెవరు చెప్తారండీ?" అన్నాడు.

అద్దంకిలో బస్సు మారేముందు ఇడ్లీ తిన్నాం. మీరెళ్ళినా ముందే తినండి. గ్రహణం రోజు మధ్యాహ్నానికే హోటళ్ళు మూసేస్తారు.

శీను చెల్లెలు పద్మ పురిటికొచ్చి ఉంది. అంతకుముందు రెండు కాన్పులూ నిలవలేదు. సాయంత్రం అయిదు కాకముందే వాళ్ళమ్మ ఆమెను పడమటి గదిలో పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి తలుపులు మూసేసింది.

డాబా మీద నాలుగు ఫొటోలు తీశానో లేదో, కింద పద్మ కేక. దిగి వెళ్ళాను. కిటికీ రెక్కలో మేకు ఊడిన కంతలోంచి ఎదుటి గోడమీద సూర్యుడు పడ్డాడు. రూపాయి బిళ్ళంత, తలకిందులైన కొడవలి.

"భయంలేదమ్మా, వట్టి వెలుగు. నా కెమెరాలో జరిగేదీ ఇదే. ఒక్క ఫొటో తీసుకోనా?"

"తీసుకోండి అన్నయ్యా. రేపేమన్నా అయితే దాన్ని చూసినందుకే అంటారు. అప్పుడు చెప్పడానికి మీరుండరుగా!"

బయటికెళ్ళి కిటికీకి నల్లగుడ్డ అడ్డంపెట్టాను. గాలికి నిలవలేదు. రెండు చేతులతో పట్టుకుని, సూర్యుడికి వీపుపెట్టి నిలబడ్డాను.

"ఒరేయ్, దారమంతైపోయింది, రారా!" పైనుంచి శీను అరిచాడు.

సున్నం గోడమీద నా మోచేతి నీడ ఒక అంచున కోసినట్టుంది, రెండో అంచున మసకబారింది. లోపల్నుంచి పద్మ అడుగుతూనే ఉంది, "విడిచిందా?"

గ్రహణంతోనే పొద్దు కుంకింది. "అయిపోయిందిగా, లేమ్మా," అంది వాళ్ళమ్మ.

"ఆ అన్నయ్యని చెప్పనీ."

విడుపు ఇంకా ఉంది, కాకపోతే అది నేలకి అవతల. గడియారం చూసుకుంటూ చీకట్లో ఆగి, అప్పుడు చెప్పాను.

మర్నాడు మొదటి బస్సులో గుంటూరు బయల్దేరాం. "ఏరా, ఇంతదూరమొచ్చి మా గోడ చూసిపోతున్నావా?" శీను నవ్వాడు. నేనూ నవ్వాను. రీలు ఆ నాలుగు ఫొటోలు పోను ఖాళీ.

పురుడవగానే కబురు చెప్పమన్నాను. వట్టి వెలుగేనన్నవాణ్ణి, చిలకలూరిపేట దాటేలోపు కబురు సంగతి మళ్ళీ గుర్తుచేశాను.