పళ్ళెంలో మిగిలిన బోల్టు

రాజ్యాలు ఎప్పుడు పుట్టాయో, ఎప్పుడు కూలాయో తారీఖులతో సహా రాసిపెట్టినవాళ్ళున్నారు. మా వీధి చివర మెకానిక్ షాపులో, పని పూర్తికాగానే రేకు పళ్ళెం బోర్లించి దాని వీపు మీద రెండుసార్లు తట్టే అలవాటు ఏ సంవత్సరంలో మొదలైందో మాత్రం ఒక్కరూ రాయలేదు. చరిత్రకు ఇది తీరని లోటు. విశ్వసనీయ వర్గాల కథనం ప్రకారం, అంటే మేస్త్రీ భార్య చెప్పినదాని ప్రకారం, అది వాళ్ళ పెళ్ళయిన రెండో ఏడు. అసలా పళ్ళెం ఆవిడది. పిండి కలుపుకునే పళ్ళెం. ఒకరోజు వంటింట్లోంచి షాపులోకి వెళ్ళింది. ముప్ఫై ఒక్క ఏళ్ళయినా తిరిగి రాలేదు.

విప్పిన ప్రతి బోల్టూ, నట్టూ, వాషరూ ఆ పళ్ళెంలోకి వెళ్ళాలి. మిషను బిగించాక పళ్ళెం ఖాళీ కావాలి. అప్పుడు దాన్ని బోర్లించి, టంగు టంగున రెండు దెబ్బలు. 'ఏమీ మిగల్లేదు, తీసుకుపో' అని దానర్థం. ఆ చప్పుడు వినకుండా ఎవరూ తమ మిషను మీద చెయ్యి వేసేవారు కాదు. వేరే షాపుల్లో నాలుగు బోల్టులు పొట్లం కట్టి చేతిలో పెట్టి, "కంపెనీవాడు ఎక్కువ వేశాడు సార్" అని పంపిస్తారని అందరికీ తెలుసు. అందుకే ఆయన్ని పళ్ళెం మేస్త్రీ అన్నారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రం ఉండేది.

గడ్డి కోసే మిషన్లు, నీళ్ళ ఇంజన్లు, మందు కొట్టే పంపులు, చెట్లు కోసే రంపాలు. ఎండకూ వానకూ బయట పడి ఉండే యంత్రాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. వచ్చినవాళ్ళకి ఆయన చెప్పే మాటలు నాలుగే. పని లేని నెలల్లో ట్యాంకులో పెట్రోలు ఉంచొద్దు, అది జిగురై కార్బొరేటర్ని పూడ్చేస్తుంది. ఎయిర్ ఫిల్టరు వారానికోసారి దులుపు. వేడి ఇంజను మీద నీళ్ళు పోయకు. కొత్తగా బిగించిన బోల్టుని పది నిమిషాలు నడిపాక మళ్ళీ ఒకసారి చూడు. అందరూ శ్రద్ధగా తలూపేవారు. అదే మనుషులు, అదే జిగురుతో, ఏటా మొదటి వానకి వరసకట్టేవారు. మొదట్లో మేస్త్రీ తిట్టేవాడు. తర్వాత విసుక్కునేవాడు. ఇప్పుడు "పెట్టి వెళ్ళు" అంటున్నాడు. మనిషి అలసిపోయాడనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకా కావాలంటే ఆయన కుడిచెయ్యి ఉంది. మూడు దశాబ్దాలు అదిరే ఇంజన్లని పట్టుకున్న చెయ్యి. పొద్దున లేవగానే దాని వేళ్ళు ముడుచుకోవు. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి స్టార్ట్ చేసుకోవాలి. అది చూసి చూసి భార్య, షాపు కట్టెయ్యమని ఐదేళ్ళుగా పోరుపెడుతోంది. ఆ పోరులో ఒకనాడు ఆయన నోరుజారాడు.

"నా పళ్ళెంలో ఒక్క బోల్టు మిగలనీ. ఆ రోజే షట్టరు దించేస్తాను. మళ్ళీ ఎత్తితే అడుగు."

"రాసిస్తారా?" అంది ఆవిడ.

రాసివ్వలేదు. కానీ ఇద్దరికీ గుర్తుంది.

ఆ రోజు ఉదయం మబ్బు పట్టింది. వాన పడేలోపు కావాలంటూ ముగ్గురు ఒకేసారి మీదపడ్డారు. బడి ఆవరణ చూసే తోటమాలి గడ్డి మిషను తెచ్చాడు. మొక్కలమ్మే ఆవిడ నీళ్ళ ఇంజను తెచ్చింది. చెట్లు కొట్టే అతను రంపం తెచ్చాడు. పళ్ళెంలో ఒకసారికి ఒకే మిషను అన్నది మేస్త్రీ రాజ్యాంగం. ఆవేళ దాన్ని ఆయనే కాలరాసి, మూడింటినీ విప్పి ఒకే పళ్ళెంలో పోశాడు. నీళ్ళ ఇంజనూ, రంపమూ ముందు బిగించి, పళ్ళెం బోర్లించకుండానే పంపేశాడు. మూడోది, గడ్డి మిషను, సందులోకి తీసుకెళ్ళి స్టార్ట్ చేసి చూసుకుని వచ్చి, చెయ్యి కడుక్కుని, పళ్ళెం తిప్పాడు.

ఒక బోల్టు కింద పడింది.

తోటమాలి అప్పటికే మిషను తోసుకుంటూ సందు మలుపు తిరిగాడు. పళ్ళెం చప్పుడు కోసం ఆగలేదు, వాన భయం. మేస్త్రీ బోల్టుని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పది నంబరు స్పానరు పట్టే బోల్టు. అది ఎక్కడిదని చెప్పలేం, ప్రతి మిషనుకీ అలాంటివి అరడజను ఉంటాయి. బ్లేడు మీది కవరుదైతే? రంపం కవరుదైతే? అది ఊడి ఎగిరితే ఎవరి కన్నో, కాలో పోతుంది. ఇంటి వెనక భార్య గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. ఆవిడకి చెబితే షట్టరు సంగతి ఎత్తుతుంది. ముందు మిషన్లు చూసి రావాలి. బోల్టు జేబులో వేసుకుని, మోపెడ్ తీశాడు.

బండి వెనకనుంచి కటకట చప్పుడొస్తోంది. రోడ్డు బాగాలేదనుకున్నాడు.

బడి ఆవరణలో తోటమాలి మిషనుకి తాడు లాగబోతున్నాడు.

"ఆగు ఆగు! లాగకు!"

"ఏం మేస్త్రీ, ఏమైంది? ఇప్పుడేగా ఇచ్చావు?"

"ఏం కాలేదు. బిగించాక ఒకసారి చూసుకోవాలి."

"పిలిస్తే వారానికి గానీ రానివాడివి, పిలవకుండా వచ్చావేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

మేస్త్రీ ముందు ప్లగ్గు వైరు పీకాడు. "ఇది పీకకుండా బ్లేడు జోలికి పోయావో, వేళ్ళు లెక్కపెట్టుకోవడానికి ఇంకొకడి చెయ్యి కావాలి" అన్నాడు. ఎయిర్ ఫిల్టరు పైకి ఉండేలా మిషన్ని వాల్చాడు. రెండోవైపు వాలిస్తే ఆయిలు ఫిల్టర్లోకి దిగుతుంది మరి. బోల్టులన్నీ వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. నిలబడదామంటే నడుము ఒప్పుకోలేదు. తోటమాలి చెయ్యిచ్చి లేపాడు.

"మిషను బాగానే ఉంది మేస్త్రీ. నీకే సర్వీసింగ్ కావాలి."

మొక్కలావిడ ఇంకా గట్టిది. నీళ్ళ ఇంజనుకి వేడి తగ్గకుండానే ప్లాస్టిక్ పట్టా కప్పేసి, మొక్కల మధ్య కూర్చునుంది. మేస్త్రీ ఆ పట్టా లాగిపారేసి, "చల్లారేదాకా కప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అంటూనే ఇంజను చుట్టూ తిరిగాడు.

ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "అన్నయ్యా, నిజం చెప్పు. ఏదో మర్చిపోయావు కదూ?"

"లేదమ్మా, ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చే మెకానిక్కుని నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు."

ఇంజను బోల్టులన్నీ ఉన్నాయి. అంటే రంపమే. అన్నిటికన్నా ప్రమాదమైనది అదే. మేస్త్రీ మోపెడ్‌ని అది పోగలిగినంత వేగంతో తోలాడు. కటకట ఇప్పుడు గడగడ అయింది. పాడు రోడ్డు.

దారిలో ఆయనకి ఒక సంగతి తట్టింది, కాస్త సిగ్గు కూడా వేసింది. బోల్టు రంపందే అయితే, ఎవరికీ ఏమీ కాకముందే దాన్ని బిగించేస్తే, ఇక మాట ప్రకారం షట్టరు దించేసి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. రేపు పొద్దున వేళ్ళు ముడుచుకోకపోతే ముడుచుకోకపోనీ, ఎవరడుగుతారు? ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటి తప్పు. దాన్ని తలుచుకుంటే గుండె దడదడలాడుతోంది, నడుముకి మాత్రం హాయిగా ఉంది.

చెట్లు కొట్టేవాడు కొమ్మ మీదున్నాడు. రంపం హోరులో కింద మేస్త్రీ అరుపులు వినపడలేదు. రెండు చేతులూ ఊపాడు, చొక్కా విప్పి ఊపాడు. చివరికి అతను రంపం ఆపి కిందికి చూశాడు.

"ఏం మేస్త్రీగారూ! చొక్కా ఊపుతున్నారు, పందెం గెలిచారా?"

"దిగు బాబూ! రంపంతో సహా దిగు!"

దిగాడు. గొలుసు కవరు, పిడి, ఫిల్టరు మూత, అన్నీ చూశాడు మేస్త్రీ. మళ్ళీ చూశాడు. రంపానికి ఏ లోటూ లేదు.

"ఏం వెతుకుతున్నారండీ?"

"ఏం లేదు. గొలుసుకి ఆయిలు తగ్గింది. పోసుకో" అని, చొక్కా తొడుక్కుని వెనుదిరిగాడు.

వాన పడలేదు. సాయంత్రం భార్య వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. మేస్త్రీ ఎదురుగా చతికిలబడి, బోల్టు తీసి చిక్కుడుకాయల పక్కన పెట్టాడు.

"మిగిలింది" అన్నాడు. "మూడు మిషన్లూ వెతికాను. ఎక్కడిదో తెలీలేదు. తెలీకపోవడం ఇంకా ఘోరం. మాటంటే మాటే. రేపటినుంచి షట్టరు ఎత్తను."

గొంతులో బాధ ఉంది. దాని అడుగున ఇంకోటి కూడా ఉంది, సెలవు దొరికిన పిల్లాడి గొంతులో ఉండేలాంటిది. ఆవిడ అది విన్నది. ఐదేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట. తలెత్తకుండా ఒక కాయ వలిచింది. ఇంకోటి వలిచింది. మూడోది చేతిలో పట్టుకుని ఆగింది.

"అది మీ బండిదండీ."

"ఏ బండి?"

"మీ మోపెడ్. పొద్దున షాపు ఊడుస్తుంటే దాని వెనక చక్రం కింద దొరికింది. మీరు సందులో మిషను స్టార్ట్ చేస్తున్నారు. బోల్టు కదా అని పళ్ళెంలో వేశాను."

మేస్త్రీ బోల్టుని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"చెప్పకుండా ఊరుకోవచ్చుగా?"

"ఊరుకుందామనే అనుకున్నాను" అంది ఆవిడ కాయ వలుస్తూ. "తర్వాత జీవితాంతం, ఆ బోల్టు ఎక్కడిదో అంటూ నా ప్రాణం తీస్తారు. దానికన్నా షాపే నయం."

ఆయన లేచి, మోపెడ్ వెనక మడ్‌గార్డు దగ్గర కూర్చుని, పది నంబరు స్పానరుతో ఆ బోల్టు బిగించాడు. ఐదు తిప్పులు పట్టింది. పళ్ళెం వాడలేదు కాబట్టి తట్టలేదు.

మర్నాడు ఎనిమిదింటికి షట్టరు లేచింది. మొదట ఒక నీళ్ళ ఇంజను వచ్చింది. దాని ట్యాంకులో నిరుటి పెట్రోలు ఉంది.