బోణీ బేరం

నౌపడ స్టేషన్ దగ్గర చిన్న కొట్టు పెట్టి జిరాక్సులు తీస్తూ, సిమ్ కార్డులు అమ్ముకునే రోజుల్లో నేను చేసిన వెధవ పని ఇది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది వ్యాపారస్తుల కుటుంబం. షట్టరు ఎత్తాక మొదట వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా బేరాలుండవని మా నాన్న నమ్మకం. దేవుడికి దణ్ణం పెట్టకపోయినా ఊరుకునేవాడు గానీ, బోణీ పోగొడితే మాత్రం తిట్లే.

ఆధార్ కార్డులు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒకరోజు పొద్దున్నే రైలు దిగిన ఒకాయన నేరుగా నా కొట్టుకొచ్చి సిమ్ అడిగాడు. కాగితాలేవీ లేవన్నాడు. బోణీ బేరం. సొరుగు తెరిస్తే పైనే మావ ఓటరు కార్డు జిరాక్సు కనబడింది. మావంటే చుట్టం కాదు. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో చేపల వేటకెళ్ళే మనిషి, నేనలా పిలిచేవాణ్ణి. అంతకుముందు తన సిమ్ కోసం రెండు కాపీలు తీయించి, "ఒకటి నీ కాడే ఉంచు బాబూ, మళ్ళీ దేనికైనా పనికొస్తాది" అన్నాడు.

పనికొచ్చింది. దాంతోనే ఫారం నింపేశాను. వచ్చినాయన తన ఫొటో అంటించి, వంకర్లు తిప్పి సంతకం పెట్టాడు. ఎవరైనా అడిగితే పేరు చెప్పాలి కదా అని తనకూ ఒక కాపీ అడిగాడు. అదీ తీసిచ్చాను.

కొన్నాళ్ళకు మావ గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళే జట్టులో చేరాడు. ప్రయాణం రెండు రోజులుందనగా పోలీసులొచ్చి పట్టుకుపోయారు. రైల్లో గంజాయి పొట్లంతో దొరికిన ఒకడు మావ పేరూ తండ్రి పేరూ ఊరూ తనవేనని చెప్పి, మొహం నల్లగా పడ్డ జిరాక్సు చూపించి, బెయిలు మీద బయటికొచ్చి మాయమయ్యాడు. వారెంటు మావ మీదకొచ్చింది.

మావ భార్య నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. "నువ్వు సదువుకున్నోడివి బాబూ. మా ఆయన అలాటోడు కాదని నీకు తెల్దేటి? వచ్చి సెప్పు."

వెళ్ళాను. పోలీస్ స్టేషన్లో ఫైలు తిప్పి చూపించారు. నా మిషను గాజు మీద గీత పడి, ప్రతి కాపీకీ ఒక నల్లచార వచ్చేది. ఫైల్లో ఉన్న జిరాక్సు మీద ఆ చార ఉంది. నోరు విప్పితే నన్నూ లోపలేస్తారు. "మంచివాడండీ" అని మాత్రం అన్నాను. అంత పిరికి మాట జన్మలో అనలేదు.

మావ పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. బెయిలు కాగితాల మీద సంతకం చూసి వకీలు అసలు సంగతి పట్టుకున్నాడు. మావ వేలిముద్ర మనిషి, సంతకమే రాదు. కోర్టు వదిలేసింది. ఈలోగా జట్టు వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది కూడా జట్టు మేస్త్రీ పిలవలేదు. కేసులో ఉన్నోడు వద్దన్నాడట.

తర్వాత ఒకరోజు తనని వదిలేస్తూ కోర్టు ఇచ్చిన కాగితానికి లామినేషన్ చేయించడానికి మావ వచ్చాడు. ఎక్కడికెళ్ళినా దాన్ని జేబులో పెట్టుకుంటున్నాడట. డబ్బులొద్దన్నాను.

"అలగంటే ఎలా బాబూ? నా కోసం టేసనుకొచ్చినోడివి నువ్వొక్కడివే" అన్నాడు. మిషను కేసి చూస్తూ, "ఆడు దొరికితే ఒక్కటే అడుగుతాను. ఇంతమంది ఉండగా నా పేరే ఎందుకు ఎంచుకున్నావురా అని" అన్నాడు.

ఎంచుకున్నది వాడు కాదు, నేను. మిషన్లోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టి, "వేడిగా ఉంది మావా, జాగ్రత్త" అన్నాను.