సాజిదా ఎంచుకున్న సాఫ్ట్‌వేర్

మదనపల్లెలో రైతుల దగ్గర టమోటా కొనే ఒక కంపెనీ ఆఫీసును సాజిదా నడుపుతుంది. ఏ కాగితాన్నైనా పెదవులు కదుపుతూ చదివి, ఆఖరి వాక్యం దగ్గర కళ్లజోడును నుదుటి మీదికి నెట్టుకుందంటే అందులో తప్పు లేనట్టే. ఒప్పందపత్రాలను వాటంతటవే తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పనిని యజమాని ముద్దుకృష్ణ ఆమెకే అప్పగించాడు. అమ్మజూపడానికి వచ్చిన ఇద్దరికీ ఆమె రైతుల వివరాలున్న ఒకే జాబితా ఇచ్చి, అమరావతి అనే మహిళా రైతు పంట తెచ్చే తేదీని మాత్రం కావాలనే ఖాళీగా వదిలింది. మొదటి సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో పత్రాలన్నీ తీసింది. అమరావతికి పక్క రైతు తేదీ వేసేసింది. రెండోది అమరావతి పత్రం దగ్గర ఆగి, తేదీ ఏదని అడిగింది. సాజిదా మొదటిది వద్దు, రెండోదే కొందామంది.

"మొదటిది తొందరగా చేస్తాండాది కదమ్మా, యాల వద్దంటావు?" అన్నాడు ముద్దుకృష్ణ.

"తెలీకుంటే అడిగేదాన్ని నమ్మొచ్చు సార్. ఆ తప్పు తేదీకి కాయలు రాకుంటే, ఆ యమ్మ పంటను మనమే వద్దంటాం. సంతకం పెట్టినాక యాడికి పోయి సెప్పుకుంటాది?"

ముద్దుకృష్ణ రెండోదే కొన్నాడు. అమరావతిని పిలిపించి, తేదీ అడిగి, సాజిదా పత్రం తీసి ఆమె చేతికిచ్చింది. ఆమె ప్రతి మాటా చదివేదాకా పెన్ను మాత్రం ఇవ్వలేదు.