ఎడమ చేతికి పట్టిన పొడి

“ఇవి గోళ్లా, ఉల్లిపొరలా?” అని హోటల్ మేనేజరు ఆమెను మొహం మీదే అడిగాడు. పదకొండేళ్లుగా అక్కడ గ్లాసులు కడుగుతున్న మనిషి ఆమె. సింకు వదిలి కౌంటర్లో కాఫీ అందించే పని ఇమ్మని అడగడానికి వెళ్లింది. అక్కడ జీతం ఎక్కువ, నడుముకు తెరిపి. పొరలు లేచిన గోళ్లతో కప్పు అందిస్తే తాగేవాడికి ఎలా సహిస్తుందన్నాడు. మూడు నెలలు పోయాక మళ్లీ చూస్తానన్నాడు.

సంగతి తెలిసి ఆమె అన్న భార్య పెప్టైడ్ అనే ప్రొటీను పొడి డబ్బాతో దిగింది. తెలిసినవాళ్లకు అమ్మితే ఆవిడకు కమిషన్.

“రోజూ ఓ చెంచా నీళ్లలో కలుపుకుని తాగు. గోళ్లు రాయిలా అవుతాయి.”

“కడుపులో పడ్డది తిన్నగా గోటికే వెళ్తుందా వదినా? దానికి అడ్రసు ఎవరిచ్చారు?”

“నీ అనుమానం తగలెయ్య. డబ్బులు తర్వాత ఇద్దువులే.”

డబ్బాతో వచ్చిన కాగితంలో ‘పరీక్షలో తేలింది’ అని ఉంది. పరీక్ష చేయించింది పొడి అమ్మే కంపెనీయే. తాగినవాళ్లు పాతికమంది, పోల్చి చూడటానికి తాగనివాళ్లు ఒక్కరూ లేరు. అయినవాళ్లు మోసం చేయరంటారు. చేస్తారు, ముందు తాము నమ్మి మరీ చేస్తారు. ఆమె నమ్మలేదు. కానీ కౌంటరు కావాలి, తాగింది.

పనిలో పనిగా గోళ్లు సబ్బునీళ్లలో నానకుండా రబ్బరు గ్లౌజు కూడా తొడిగింది, ఎడమ చేతికి మాత్రమే. ఎడమ చెయ్యి నీళ్లలో గ్లాసు పట్టుకుంటుంది. కుడి చేతి వేలు అంచు చుట్టూ తిరిగి జిడ్డు మిగిలిందేమో చూస్తుంది. గ్లౌజు వేస్తే ఆ వేలికి ఏమీ తెలియదు.

మూడు నెలలకు మూడు డబ్బాలు అయిపోయాయి. ఎడమ చేతి గోళ్లు మొదలు నుంచి సగం దాకా నున్నగా వచ్చాయి. కుడి చేతివి ఎప్పటిలాగే ఉల్లిపొరలు.

“చూశావా, ఎడమకి పట్టింది. ఇంకో రెండు డబ్బాలు తాగితే కుడిచెయ్యీ దారికొస్తుంది,” అంది వదిన.

“నా నెత్తురు ఒక్క ఎడమవైపే తిరుగుతోందా వదినా? తాగింది నోటితో. తేడా గ్లౌజుది.”

“గోళ్లేమో గానీ నీ నోరు మాత్రం గట్టిది.”

ఒక్క మనిషి, రెండు చేతులు. కుడి చేతికి పని కూడా ఎక్కువే. దీన్ని రుజువని ఎవరూ ఒప్పుకోరు. కానీ ఆ పాతికమంది లెక్కలో లేనిది ఇక్కడ ఉంది: పోల్చి చూడటానికి ఇంకో చెయ్యి.

మేనేజరు మాత్రం కుడి చేతినే చూశాడు. “కప్పు అందించేది దీంతోనేగా. ఇంకో మూడు నెలలు ఆగు.”

ఇప్పుడామె రెండు చేతులకూ గ్లౌజులు వేసుకుంటోంది. ప్రతి గ్లాసునూ వెలుతురుకెత్తి జిడ్డు చూస్తుంది. పని అరగంట ఆలస్యంగా తెములుతోంది. పొడి మానేసింది. మూడు డబ్బాల్లో ఒకదానికే డబ్బు ఇచ్చింది. రెండింటిది వదినకు ఇంకా బాకీ.